మామూలయ్యేది ఎప్పుడు?

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా పిన్ని సీరియళ్లు చూస్తుంటే, పక్కగదిలో పని చేసుకుంటూ వినడం నాకు అలవాటు. చూడకుండా వింటే కథ కన్నా మాటలు బాగా పట్టుబడతాయి. అలా ఇన్నేళ్లలో లెక్కలేనన్నిసార్లు చెవినపడ్డ మాట ఒకటుంది: ‘జరిగిందేదో జరిగిపోయింది, పీడకల అనుకుని మర్చిపో. కొత్త జీవితం మొదలుపెట్టు.’ వినే అమ్మాయి మీద అప్పటికి లైంగిక దాడి జరిగి ఉంటుంది, లేదా తృటిలో తప్పి ఉంటుంది. చెప్పేది ఒక్కోసారి వదిన, ఒక్కోసారి స్నేహితురాలు, ఎక్కువసార్లు హీరో. వెంటనే వేణువు వినిపిస్తుంది. రెండు వారాలు తిరక్కుండా పెళ్లిబాజాలు.

ఆ రెండు వారాల గురించే నా ఆలోచన. ప్రేమకథకు సొంత గడియారం ఒకటి ఉంటుంది. ఇద్దరు దగ్గరవ్వాలి, దూరమవ్వాలి, మళ్లీ దగ్గరవ్వాలి. లైంగిక దాడి అలాంటి కథలోకి వచ్చిందంటే అది ‘దూరమవ్వడం’ అనే చోట వచ్చి కూర్చుంటుంది. అపార్థం, ఆస్తి తగాదా, విలన్ కుట్రల పక్కన అదొక అడ్డంకి అయిపోతుంది. అడ్డంకి తొలగిందని ప్రేక్షకులకు తెలియాలంటే ఆ జంట మళ్లీ ఒక గదిలోకి చేరాలి. కోలుకోవడం అంటే అదే. కానీ గాయం ఆ గడియారాన్ని చూసి మానదు. దేశవిదేశాల టీవీ ప్రేమకథలు ఈ విషయంలో ఎక్కడ తప్పాయి, ఎక్కడ సరిదిద్దుకున్నాయి అని చూస్తే, దాదాపు ప్రతిచోటా ఈ రెండు గడియారాల పేచీయే కనిపిస్తుంది.

అన్నిటికన్నా పేరుమోసిన ఉదాహరణ అమెరికాలోది. ఏబీసీ ఛానల్‌లో 1963 నుంచి నడుస్తున్న ‘జనరల్ హాస్పిటల్’ అనే పగటిపూట సీరియల్. 1979 అక్టోబరులో అందులో ల్యూక్ అనేవాడు లారా అనే అమ్మాయిని, రాత్రి మూసేసిన డిస్కో హాలులో, నేల మీద బలాత్కరిస్తాడు. ఆమెకు అప్పటికే పెళ్లయింది. వెనక హెర్బ్ ఆల్పర్ట్ ట్రంపెట్ పాట వినిపిస్తుంటుంది. నిజజీవితంలోనూ సరిగ్గా ఆ నెలలోనే ఆ పాట అమెరికా జాబితాల్లో మొదటి స్థానానికి ఎక్కింది. లారా పాత్ర వేసిన జీనీ ఫ్రాన్సిస్ వయసు 17. ప్రేక్షకులకు ఆ ఇద్దరి మధ్య ఏదో ఆకర్షణ కనిపించింది. రేటింగ్ పెరిగింది. దాంతో కథ మలుపు తిరిగింది. ఇద్దరినీ ప్రేమికుల్ని చేశారు. జరిగినదాన్ని బలాత్కారం అనడం మానేసి, వశపరచుకోవడం అనే అర్థం వచ్చే మాటలతో సర్దిచెప్పారు. 1981 నవంబరులో ఆ ఇద్దరి పెళ్లి ఎపిసోడ్లను దాదాపు మూడు కోట్ల మంది చూశారు. పెళ్లికి ఎలిజబెత్ టేలర్ అంతటి నటి అతిథి పాత్రలో వచ్చింది. దాడి చేసినవాడే వరుడు కావడం ఆ మూడు కోట్ల మందిలో ఎంతమందికి గుర్తుందో!

ఇక్కడ ఒక యాదృచ్ఛికం నన్ను వదలదు. లారా కథ ప్రసారమవడానికి కొన్ని వారాల ముందు, 1979 సెప్టెంబరులో, మన దేశంలో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక బహిరంగ లేఖ రాశారు. ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధాగంవార్, రఘునాథ్ కేల్కర్. మహారాష్ట్రలో 1972లో ఒక గిరిజన బాలికపై పోలీస్ స్టేషన్లోనే అత్యాచారం చేశారన్న కేసులో ఇద్దరు పోలీసులను సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన ఆనవాళ్లు లేవు, కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నది ఆ తీర్పులోని తర్కం. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది ఆ లేఖ సారాంశం. అప్పటికి హైదరాబాద్ కూడా మండిపోయి ఉంది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక మహిళపై జరిగిన ఘోరం మీద ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఈ ఉద్యమాల ఫలితంగానే 1983లో అత్యాచార చట్టం మారింది. ఒళ్లు కదిపి ఎదిరించకపోయినంత మాత్రాన అది సమ్మతి కాదు అన్న వాక్యం చట్టంలోకి చేరడానికి మాత్రం 2013 దాకా పట్టింది. కోర్టు గాయాల కోసం వెతికింది. సీరియల్ ఆకర్షణ కోసం వెతికింది. ‘ఆమె వద్దందా, లేదా’ అన్నది రెండు చోట్లా వెనక్కి పోయింది.

‘జనరల్ హాస్పిటల్’ వాళ్లు ఆ పాపాన్ని కొంత కడుక్కున్నారు. 1998లో ల్యూక్, లారాల కొడుకు, తన తల్లిదండ్రుల ప్రేమకథ ఎలా మొదలైందో తెలుసుకుని విరిగిపోతాడు. ఇద్దరూ ఆ మాటను అసలు పేరుతో పలకాల్సి వస్తుంది. పంతొమ్మిదేళ్లు పట్టింది.

ఇప్పుడు గాయం సంగతి. బోస్టన్‌లో ఆన్ బర్జెస్ అనే నర్సింగ్ అధ్యాపకురాలు, లిండా హోమ్‌స్ట్రమ్ అనే సామాజిక శాస్త్రవేత్త కలిసి ఆసుపత్రికి వచ్చిన బాధితులతో మాట్లాడి, 1974లో ఒక విషయం రాశారు. దాడి తర్వాత కొందరు ఏడుస్తారు, వణుకుతారు. మరికొందరు చాలా ప్రశాంతంగా, అదుపులో ఉన్నట్టు, ఏమీ జరగనట్టే కనిపిస్తారు. రెండూ షాకే. మన తెరకు మాత్రం మొదటి రకమే తెలుసు. చెదిరిన జుట్టు, చెరిగిన బొట్టు, షవర్ కింద ఏడుపు. రెండో రకం మనిషి కథలో ఉంటే ఆమె అబద్ధం చెబుతోందన్న అనుమానానికి అది ఆధారం అవుతుంది.

ప్రతిఘటన సంగతీ అంతే. 2017లో స్టాక్‌హోమ్ పరిశోధకులు అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది మహిళల అనుభవాలను పరిశీలించారు. దాడి సమయంలో చెప్పుకోదగ్గ స్థాయిలో ఒళ్లు కొయ్యబారిపోయిందని తేలినవాళ్లు నూటికి 70 మంది. అరవాలనుకున్నా గొంతు పెగలదు, చెయ్యి లేవదు. పిల్లి నోట పడ్డ ఎలుక కొన్నిసార్లు బిగుసుకుపోతుంది చూడండి, అది. భయానికి ఒళ్లు ఇచ్చే జవాబే తప్ప మనసు ఇచ్చే ఒప్పుదల కాదు. అయినా తర్వాత వీళ్లందరినీ తొలిచేసే ప్రశ్న ఒకటే: ‘నేనెందుకు అరవలేదు?’

మరో చిక్కు మన మాటలోనే ఉంది. ఫ్లాష్‌బ్యాక్ అనగానే తెలుగు ప్రేక్షకులకు రింగులు రింగులుగా తిరిగి మొదలయ్యే పాత కథ గుర్తొస్తుంది. వరసగా, ఒక ఆదీ అంతంతో, అన్నీ అర్థమయ్యేలా. గాయపడ్డ మనసుకు వచ్చే ఫ్లాష్‌బ్యాక్ అలా ఉండదు. అక్కడ గతం గుర్తుకు రాదు, ఇప్పుడు జరుగుతుంది. అది కథలా కాకుండా ఒక వాసనగానో, గొంతులో ఒక జీరగానో, తలుపు గడియ చప్పుడుగానో వస్తుంది. ఆ రోజు ఏ వారమో చెప్పలేని మనిషి, ఆ గది పైకప్పు మీది పగులు ఎలా ఉందో చెప్పగలదు. కోర్టులో తడబడేది కూడా ఇందువల్లే.

కోలుకోవడం ఎలా ఉంటుందో చెప్పడానికి అమెరికన్ మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో మూడు దశలు చెప్పారు. మొదట భద్రత: ఒంటి మీద, ఇంటి మీద, రోజు మీద మళ్లీ పట్టు దొరకాలి. తర్వాత జరిగినది చెప్పుకోవడం, పోయినదానికి దుఃఖపడటం. ఆ తర్వాతే మనుషులతో తిరిగి కలవడం. వరసగా ఒకదాని తర్వాత ఒకటి ముగిసేవి కావు, ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. ప్రేమకథ చేసే పని ఏమిటంటే, మొదటి రెండింటినీ ఒక పాటలో కానిచ్చేసి మూడో దాని దగ్గర బస్సు ఆపడం.

గడియారం కన్నా మోసకరమైనది ఇంకొకటుంది. కథ చేతులు మారడం. బ్రిటన్‌లో విపరీతంగా ఆదరించిన ‘డౌన్‌టన్ ఆబీ’లో 2013లో అలాగే జరిగింది. జమీందారు మేడ మీది హాలులో ప్రసిద్ధ గాయని పాడుతుంటుంది. ఇంటివాళ్లూ పనివాళ్లూ అందరూ అక్కడే. కింద, ఖాళీ అయిన నౌకర్ల వంటింటి వైపు, ఆనా అనే పనిమనిషి మీద అతిథి నౌకరు దాడి చేస్తాడు. తెర మీద దాడి చూపించరు. పాట చూపిస్తారు. అంతవరకు బాగుంది. ఆ తర్వాత ఆనా నోరు విప్పకపోవడానికి కారణం ఏమిటంటే, తెలిస్తే భర్త వాణ్ని చంపి ఉరికంబం ఎక్కుతాడన్న భయం. కథ మెల్లగా ఆ వైపుకు ఒరిగిపోతుంది. ఆ నౌకరు లండన్ వీధిలో చస్తాడు. భర్త చంపాడా లేదా? పోలీసులు ఎవరిని పట్టుకుంటారు? సీజన్ల తరబడి ఇదే. ఆనాకు ఆ రాత్రి తర్వాత నిద్ర పడుతోందా అన్న ప్రశ్న సస్పెన్స్ కింద పడి నలిగిపోయింది. మన హీరోలు విలన్‌ను చితక్కొట్టి, చిరిగిన చొక్కాతో వచ్చి ఆమె ఎదురుగా నిలబడే ఘట్టం కూడా ఈ కోవలోదే. దెబ్బలు తిన్నది వాడు, ఊరట పొందింది ప్రేక్షకులు. ఇలాంటి కథకు ముక్కూ మొహం తెలియని దుర్మార్గుడైతే సులువు, నాలుగు తన్నవచ్చు. కానీ మన దేశంలో జాతీయ నేర నమోదు సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా ఇచ్చే లెక్కలు చూస్తే నిందితుల్లో అత్యధికులు తెలిసినవాళ్లే: బంధువులు, ఇరుగుపొరుగు, పెళ్లి చేసుకుంటానన్నవాళ్లు. వాళ్లను తన్నడానికి హీరో రాడు, ఒక్కోసారి వాళ్లే పెళ్లిపందిట్లో ఎదురొచ్చి అక్షింతలు వేస్తారు.

ఇక ‘అవుట్‌లాండర్’. దీని గురించి కొంచెం ఎక్కువే మాట్లాడాలి. ఎందుకంటే ఇది చేసిన తప్పులూ పెద్దవే, నేర్చుకున్నదీ పెద్దదే. స్టార్జ్ ఛానల్‌లో 2014లో మొదలైన ఈ సిరీస్‌లో 1940ల నాటి నర్సు క్లెయిర్, పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండ్‌లోకి జారిపోయి జేమీ అనే యువకుణ్ని పెళ్లాడుతుంది. 2015 మే నెలలో మొదటి సీజన్ చివర్లో అత్యాచారానికి గురయ్యేది ఆమె కాదు, అతను. ఆరడుగుల కథానాయకుడు. చెరసాలలో బంధించి చేసేవాడు ఇంగ్లిష్ సైన్యాధికారి జాక్ రాండల్. జేమీని విరిచేసింది నొప్పి కాదు. రాండల్ మధ్యమధ్య మెత్తగా ప్రవర్తిస్తాడు, లావెండర్ నూనె రాస్తాడు, భార్యను గుర్తు చేస్తాడు. జేమీ ఒళ్లు స్పందిస్తుంది. ఇంతటి నరకంలో నా ఒళ్లెందుకు స్పందించింది అన్న సిగ్గు అతణ్ని చావు వైపు నెడుతుంది. నిజజీవితంలో ఎందరో బాధితులు, ఆడవాళ్లూ మగవాళ్లూ, జీవితాంతం ఎవరికీ చెప్పుకోలేని విషయం ఇది. తుమ్ము మన అనుమతి అడిగి రానట్టే ఒంటి స్పందనా అడిగి రాదు. ప్రేమకథ అని పేరున్న ఒక సిరీస్ ఆ మాట బయటికి అన్నందుకు నాకు దాని మీద గౌరవం.

అదే ఎపిసోడ్‌లో తప్పూ ఉంది. మఠంలో తిండి మానేసి పడుకున్న జేమీని క్లెయిర్ నిలదీసి, కక్కించి, బతుకుతానని అనిపిస్తుంది. ప్రేమే మందు. అరగంటలో గడియారం గెలిచింది. పైగా చెరసాల గదిలో కెమెరా ఉన్నంతసేపు ఉండాల్సిన అవసరం లేదని అప్పుడే చాలామంది అన్నారు. నా అభిప్రాయమూ అదే.

రెండో సీజన్ ఆ గెలుపును తిప్పికొట్టింది. పారిస్‌లో పట్టుపరుపు మీద భార్యతో ఉన్న జేమీకి కలలో ఆమె ముఖం రాండల్ ముఖంగా మారుతుంది. పొడిచి పొడిచి చంపుతాడు, లేచి కూర్చుంటాడు. వారాలు గడిచినా ఆమెను తాకలేడు. ఇంట్లో ముట్టుకోలేని మనిషి బయట వేశ్యాగృహం నుంచి తొడ మీద పంటిగాట్లతో వస్తాడు. క్లెయిర్‌కు కోపం వస్తుంది, రావాలి కూడా. కోలుకుంటున్న మనిషి ఎప్పుడూ దీనంగా, మంచిగా, మెత్తగా ఉండడని, ఎదుటివాళ్లను గాయపరచవచ్చని చెప్పిన ఘట్టం అది.

నాలుగో సీజన్‌లో కెమెరా ఒక మెట్టు ఎదిగింది. వాళ్ల కూతురు బ్రియానాను సారాయి కొట్టు లోపలి గదిలోకి లాక్కుపోతారు. మనం లోపలికి వెళ్లం. బయటే ఉంటాం. కేకలు వినిపిస్తుంటాయి, మనుషులు పేకాడుతూ తాగుతూ ఉంటారు. ఒకడు మాత్రం ఆమె బూట్లను తీసి తలుపు పక్కన వరసగా పెడతాడు. అంత బుద్ధిగా పెట్టిన ఆ జత బూట్లు నన్ను మొదటి సీజన్ చెరసాల కన్నా ఎక్కువ రోజులు వెంటాడాయి. అందులో ఊరంతటి నేరం ఉంది.

2020లో ఐదో సీజన్ ముగింపులో వంతు క్లెయిర్‌ది. దాడి సాగుతున్నంతసేపు ఆమె మనసు వేరే చోట ఉంటుంది. 1960ల నాటి ఇల్లు, విందు భోజనం, పాత రికార్డు పాట, అందరూ బతికే ఉన్న బల్ల. ఒళ్లు ఇక్కడ ఉండగా మనసు విడివడి వెళ్లిపోవడం వైద్యులు గుర్తించిన విషయమే, తెర మీద ఇంత అందంగా చూపడం సరైనదేనా అన్నది వేరే చర్చ. ఆ ఎపిసోడ్ చివర ఆమె, ఎన్నో యుద్ధాలు చూశాను, దీనికి విరగను అని చెబుతుంది. చప్పట్లు కొట్టించే మాట. 2022లో వచ్చిన ఆరో సీజన్‌లో అదే క్లెయిర్, రోగులకు మత్తివ్వడానికి తయారుచేసిన ఈథర్‌ను గుడ్డ మీద పోసుకుని తానే పీలుస్తూ కనిపిస్తుంది. విరగనని చెప్పడం సులువు.

ఇన్ని చెప్పినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ కుటుంబంలో భర్త, భార్య, కూతురు, పెంచుకున్న పిల్లాడు, అందరికీ అదే జరగడం ఏమిటి? మూడోసారికి అది గాయంగా కాక కథ ముందుకు కదలడానికి వేసిన ఇంధనంలా తోస్తుంది.

నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘బ్రిడ్జర్టన్’ సంగతి రెండు మాటల్లో. 2020 క్రిస్మస్‌కు వచ్చిన మొదటి సీజన్‌లో, పిల్లలు వద్దనుకున్న భర్త పడక మీద ఆగమంటున్నా భార్య ఆగదు. నవలలో అతను తాగి ఉంటాడు, తెర మీదికి వచ్చేసరికి ఆ తాగుడు తీసేశారు, ఆగమన్న మాట మాత్రం మిగిలింది. ఆ తర్వాత కథ తనకు పిల్లలు పుట్టరని అతను చెప్పిన అబద్ధం గురించే మాట్లాడుతుంది, ఆమె చేసినదానికి పేరు పెట్టదు. వానలో నాట్యంతో సరి. బాధితుడు మగవాడు, చేసింది ముద్దొచ్చే కథానాయిక అయితే గాయం అన్న మాటే కథకు తోచలేదు.

మన వైపు చూస్తే, ఇదంతా ఒక్క మాటలో ఇమిడి ఉంది: ‘జీవితం ఇచ్చాడు.’ దాడికి గురైన అమ్మాయిని ఎవరైనా పెళ్లి చేసుకుంటే మనం అనే మాట అది. అంటే అప్పటిదాకా ఆమెకు జీవితం లేదు. మానభంగం, శీలం, మాయని మచ్చ, చెడిపోయింది: పాత మాటలన్నీ గాయాన్ని ఆమె ఒంటి మీద నుంచి ఇంటి పరువు మీదికి మార్చేవే. పరువుకు పడ్డ గాయానికి మందు పెళ్లే కదా, అందుకే బలవంతంగా తాళి కట్టినవాడు ఐదారు వందల ఎపిసోడ్లలో పతిదేవుడైపోతాడు. వారానికి ఐదారు రోజులు ప్రసారం, గురువారం గురువారం రేటింగ్ చేతికొచ్చే చోట, మూడు నెలలు బస్సు ఎక్కలేని అమ్మాయిని చూపించడానికి ఓపిక ఎవరికి? ఇది ఒక్క సీరియళ్ల జబ్బు కూడా కాదు. అత్యాచార కేసుల్లో పెళ్లి పేరిట రాజీ అన్న ఆలోచనే కూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మధ్యప్రదేశ్‌లో వేధింపుల నిందితుడికి, బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలన్న షరతుతో బెయిలిస్తే, 2021లో అదే కోర్టు కొట్టేయాల్సి వచ్చింది. రాఖీ కట్టిస్తే సరిపోతుందన్న ఆలోచన ఏ సీరియల్ రచయితకైనా వచ్చి ఉండేది. ఇక మన చట్టంలో, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా, పద్దెనిమిదేళ్లు దాటిన భార్య విషయంలో భర్తకున్న మినహాయింపు అలాగే ఉంది.

హైదరాబాద్‌లో 2016 నుంచి పోలీసులు నడిపే భరోసా కేంద్రంలో కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి. నేను విన్న సీరియళ్లలో అలాంటి గదిలోకి ఒక్క అమ్మాయి కూడా వెళ్లలేదు. గుడికి వెళ్లారు.

వేరేలా చెప్పిన కథ ఒకటి ఉంది, అది పెద్దలు చూసే గంభీరమైన ప్రేమకథ కూడా కాదు. బ్రిటన్ బడి పిల్లల మీద తీసిన ‘సెక్స్ ఎడ్యుకేషన్’. 2020లో వచ్చిన రెండో సీజన్‌లో ఎయిమీ అనే అమ్మాయి, స్నేహితురాలి పుట్టినరోజుకు తానే చేసిన కేకు పట్టుకుని బస్సెక్కుతుంది. కిక్కిరిసిన బస్సులో ఒకడు ఆమెకు ఆనుకుని వీర్యంతో ఆమె జీన్స్ పాడు చేస్తాడు. దిగిపోతుంది. మొదట ఆమె దిగులంతా జీన్స్ గురించే. స్నేహితురాలు పోలీస్ స్టేషన్‌కు లాక్కెళ్తుంటే ఇంత చిన్నదానికి ఎందుకని నవ్వేస్తుంది. మర్నాడు బస్సు వస్తుంది, ఎక్కలేదు. నడిచి వెళ్తుంది. ఆ తర్వాత కూడా నడిచే వెళ్తుంది. ప్రియుడు స్టీవ్ చాలా మంచివాడు, కానీ చెయ్యి వేస్తే ఆమె బిగుసుకుపోతుంది. ఈ సిరీస్ రచయిత్రి లారీ నన్ తనకు బస్సులో ఎదురైన అనుభవం నుంచే ఇది రాశానని చెప్పారు. ఈ నడక ఎంత నిక్కచ్చిగా ఉందో అందుకే అర్థమవుతుంది.

చివరికి ఆమెను బస్సెక్కించేది స్టీవ్ కాదు. ఒకరికొకరు సరిపడని ఐదుగురు ఆడపిల్లలు పొద్దున్నే బస్టాపులో నిలబడి ఉంటారు. అందరూ కలిసి ఎక్కి వెనక సీటులో వరసగా కూర్చుంటారు. అంతే. అక్కడితో నయమైపోదు కూడా. మూడో సీజన్‌లో ఆమె కౌన్సెలర్ దగ్గర కూర్చుని, ఆ మనిషిని చూసి నేను నవ్వాను, అందుకే చేశాడేమో అంటుంది. మళ్లీ పాత ఎయిమీని అవుతానా అని అడుగుతుంది. కాకపోవచ్చు, అయినా పరవాలేదు అన్న అర్థంలో కౌన్సెలర్ జవాబిస్తుంది. టీవీ ప్రేమకథల్లో ‘మామూలయ్యేది ఎప్పుడు’ అన్న ప్రశ్నకు ఇంత నిజాయతీగల జవాబు నేను వినలేదు. ఆ తర్వాత ఎయిమీ స్టీవ్ నుంచి విడిపోతుంది. అతని తప్పేమీ లేకుండానే. కొన్నాళ్లు తనతో తాను ఉండాలనిపించింది, ఉంది.

ఆ సిరీస్‌ను పిన్నితో కూర్చుని చూసే ధైర్యం నాకు లేదు, పేరు చెబితేనే రిమోట్ లాక్కుంటుంది. అందుకని ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎయిమీ కథ నోటితో చెప్పాను. కేకు దగ్గర ‘పాపం’ అంది. బస్టాపు దగ్గర చేతిలో కాయ ఆపి వింది. విడిపోయారని చెప్పగానే మాత్రం అడిగింది, ‘అదేమిటే, మరి ఆ అబ్బాయి?’

ఇంకేమీ జరగదని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తను పెళ్లికి ముందు ఉద్యోగానికి వెళ్లిన రోజుల్లో రెండేళ్లపాటు ఐదో నంబరు బస్సు వదిలేసి వెనక వీధి చుట్టుకుని నడిచి వెళ్లేదాన్నని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. చిక్కుడుకాయలు ఇంకా సగం ఉన్నాయి.